ఇరుకు కాజా

మా వీధిలో వాళ్ళిద్దరినీ పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి లేరు. పెద్దావిడ కత్తెరక్క, చిన్నావిడ కాజాలక్క. గుడ్డ కొలిచి కోయడం పెద్దావిడ పని. గుండీ దూరే కన్నానికి చుట్టూ దారంతో అంచు కట్టి కాజా కుట్టడం చిన్నావిడ పని. మధ్యలో ఉండే మిషను కుట్టు ఇద్దరూ పంచుకునేవారు. వాళ్ళ కొట్టు మీది గదిలో నేను ఇరవై రెండేళ్ళు అద్దెకున్నాను. బల్ల మీద కత్తెర నడిచే చప్పుడు వినబడితే తెల్లారినట్టు, సూది పట్టుకుని చిన్నావిడ గుమ్మంలో వెలుతురుకి కూర్చుంటే మధ్యాహ్నం దాటినట్టు. గడియారం కొనుక్కోవాలన్న ఆలోచనే నాకు రాలేదు.

అక్కాచెల్లెళ్ళ మధ్య తొమ్మిదేళ్ళ తేడా. తల్లి పోయేనాటికి పెద్దావిడకి పద్నాలుగు, చిన్నావిడకి అయిదు. తల్లి పాత బట్ట ఒకటి కోసి చెల్లికి గౌను కుట్టడానికే పెద్దావిడ మొదటిసారి కత్తెర పట్టింది. ఆ తర్వాత పని నేర్చుకుంది, చెల్లికి నేర్పింది, ముందు గదిలో కొట్టు పెట్టి వెనక గదిలో కాపురం పెట్టింది. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే పెద్దావిడ, "కొలతలు కుదర్లేదమ్మా" అనేది. చిన్నావిడ పళ్ళ మధ్య దారం పట్టుకుని నవ్వేది.

పని దగ్గర మాత్రం నవ్వులు లేవు. చెల్లి కుట్టిన ప్రతి కాజాలోనూ గుండీ పెట్టి చూసేది అక్క. గుండీ తనంతట తాను జారి అవతలికి పోవాలి. వేలితో తోయాల్సి వస్తే, "ఇరుగ్గా ఉంది. విప్పి మళ్ళీ కుట్టు" అని వెనక్కి విసిరేసేది. చిన్నప్పుడు ఒకే కాజాని పదకొండుసార్లు విప్పించిందట. చివరికి గుడ్డే చిరిగిపోయిందట. "ఆ మాట మళ్ళీ వినకూడదని పట్టుబట్టాను అన్నయ్యగారూ. నలభై ఏళ్ళయింది, వినలేదు" అని ఒకసారి నాతో చెప్పింది కాజాలక్క. ఆమె తన గురించి గొప్పగా చెప్పుకున్నది నాకు తెలిసి అదొక్కటే.

ఆ కొట్టుకి ఇంకో నియమం ఉండేది. లోపల ఎంత పొరపాటు జరిగినా గిరాకీకి తెలియకూడదు. చెయ్యి కురచయితే పట్టీ వేసి డిజైను అనిపించాలి. మచ్చపడితే జేబు కుట్టాలి. "తప్పు మనది, ముచ్చట వాళ్ళది" అనేది కత్తెరక్క. ఈ నియమమే తర్వాత వాళ్ళని ఎక్కడికి తెచ్చిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పెద్దావిడ డెబ్భై దాటాక ఒకరోజు ఒక గుమాస్తా ప్యాంటుకి రెండు కాళ్ళూ ఎడమవే కోసింది. చిన్నావిడ చూసుకుని, మాట్లాడకుండా అదే రంగు గుడ్డ కొత్తది తెచ్చి, తనే కోసి కుట్టి ఇచ్చేసింది. గుమాస్తాకి తెలియలేదు. పెద్దావిడకి కూడా తెలియలేదు. అలా మొదలైంది. ఆ తర్వాత చిన్నపాటి పక్షవాతం వచ్చింది. కుడిచేతి వేళ్ళు మొద్దుబారాయి. జ్ఞాపకం కుట్టు విడిపోయిన అంచులా మెల్లమెల్లగా ఊడుతూ వచ్చింది. మూడేళ్ళు తిరిగేసరికి అన్నం పెట్టాలి, స్నానం చేయించాలి, పొయ్యి దగ్గరికి పోకుండా కాయాలి, వీధి తలుపు గడియ పైకి మార్చాలి. ఇదంతా చేసే మనిషి ఒక్కతే. ఆమెకి కూడా అరవై ఏడు.

స్నానాల గదిలో జారిన అక్కని లేపబోయి చిన్నావిడ భుజం పట్టు తప్పింది. ఆసుపత్రి డాక్టరు, "ఇంకొకసారి ఆవిడని ఎత్తారంటే మిమ్మల్ని ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి" అన్నాడు. అక్కడి నర్సమ్మే ఈ సాయం సంగతి చెప్పింది. ఇలాంటి మనిషి ఇంట్లో ఉంటే, పగలంతా కనిపెట్టుకుని ఉండే ఆయా జీతం ప్రభుత్వమే ఇస్తుందట. దరఖాస్తు పెట్టాలి, ఇంటికొచ్చి చూస్తారు, చేయలేని పనులకి మార్కులు వేస్తారు. ఇరవై మార్కులు వస్తే సాయం. రాకపోతే ఊరి అవతల ప్రభుత్వ వార్డు ఉంది, అక్కడ చేర్చుకోవచ్చు.

కాజాలక్క ఆ వార్డు చూసొచ్చింది. వచ్చి కొట్టు మెట్టు మీద కూలబడింది.

"బాగాలేదా?" అన్నాను.

"శుభ్రంగానే ఉంది అన్నయ్యగారూ. తిండి కూడా బాగానే పెడుతున్నారు." చెప్పులు పక్కకి తోసి, "అందరికీ ఒకటే కొలత. లావుగా ఉన్నావిడకీ అదే గౌను, పుల్లలా ఉన్నావిడకీ అదే గౌను. వెనక నాడాలు. మా అక్కకి వెనక నాడాలు కడతారా!" అంది.

అంతే. ఆ క్షణంనుంచి ఆమెకి కావలసింది ఒక్కటే. అక్క ఈ ఇంట్లోనే, తన బట్టల్లోనే ఉండాలి.

దరఖాస్తు పద్నాలుగు పేజీలు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని వీధిలో ఎవరికి ఏ కాగితం కావలసినా నన్నే పిలిచేవారు. బల్ల ఈ చివర నేను, ఆ చివర కాజాలక్క కూర్చున్నాం. కత్తెరక్క కిటికీ దగ్గర కుర్చీలో, మెడలో కొలత టేపు వేసుకుని వీధి చూస్తోంది.

"స్నానం తనంతట తాను చేయగలరా?" అని చదివాను.

"చేస్తుంది. నేను నీళ్ళు పోసి, సబ్బు రాసి, ఒళ్ళు తుడిస్తే చక్కగా చేస్తుంది."

"అది చేయడం కాదమ్మా, చేయించుకోవడం. 'చేయలేరు' అని రాస్తాను."

"మెల్లిగా అనండి! అక్క అక్కడే ఉంది."

అక్కడికీ గొంతు తగ్గించి, "భోజనం?" అన్నాను.

"తింటుంది. చెంచా నోటిదాకా నేను తీసుకెళతాను, నమలడం అంతా తనే."

నాకు నవ్వొచ్చింది. ఆమెకీ వచ్చింది. "నవ్వకండి, నమలనివాళ్ళు ఎంతమంది లేరూ" అని, అంతలోనే కళ్ళు తుడుచుకుంది. పద్నాలుగు పేజీల్లో ఎక్కడా 'చేయలేరు' అన్న గడిలో గుర్తు పెట్టనివ్వలేదు. అన్నిచోట్లా 'కొంత సాయంతో'. గట్టిగా చెప్పవలసింది, నేను చెప్పలేదు. అక్క ముందు ఆ మాట రాయడం నాకూ మనసొప్పలేదు. అందులో నా తప్పు కూడా ఉంది.

మూడు వారాలకి పరిశీలనకి మనిషి వస్తాడని కబురొచ్చింది. కాజాలక్క ముందురోజే గది కడిగింది. పాత పక్కబట్టలు మంచం కింద పెట్టెలో కుక్కేసింది. అక్కకి తలంటి, జడ వేసి, ఇస్త్రీ చేసిన పనిచొక్కా తొడిగింది. ముందువైపు అయిదు గుండీలు, రెండు జేబులు ఉండే పొడుగాటి చొక్కాలు అవి. కొట్టు పెట్టిన నాటినుంచీ అక్కాచెల్లెళ్ళు లోపలి బట్టల మీద అవే వేసుకునేవారు. "పెళ్ళిచూపులా ఇది?" అన్నాను. "ఎవరొచ్చినా గిరాకీయే అన్నయ్యగారూ. మాసినదానిలా కూర్చోబెట్టనా?" అంది.

ఫైలు చంకలో పెట్టుకుని వచ్చినాయన నలభై లోపు మనిషి. మంచివాడే. ఆ రోజు అప్పటికే నాలుగిళ్ళు తిరిగొచ్చాడు. గుమ్మంలో ఆయన్ని చూడగానే కత్తెరక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. వారంనుంచి తనంతట తాను లేవని మనిషి.

"రండి బాబూ, రండి. పెళ్ళికా, ఆఫీసుకా?"

ఆయన తెల్లబోయి, "ఆఫీసుకే అమ్మా" అన్నాడు.

మెడలో టేపు తీసి ఆయన వెనక్కి వెళ్ళి భుజాల మీద పరిచింది. ఆ చేతులు వణకలేదు. "ఎడం భుజం కిందికి దిగింది. సంచీ ఆ భుజానికే తగిలిస్తారు కదూ?"

"అవునమ్మా! మా ఆవిడ కూడా కనిపెట్టలేదే!" అని ఆయన నిజంగా సంబరపడ్డాడు.

"మీ ఆవిడ మీ మొహం చూస్తుంది బాబూ. నేను వెనకనుంచి చూస్తాను." ఆ తర్వాత తల తిప్పకుండా చెల్లితో, "రాసుకో పిల్లా. భుజం పది. చెయ్యి అయిదు. పొడవు ఇరవై" అంది. చెల్లి అలవాటుకొద్దీ చీటీ తీసి రాసుకుంది. ఆయన కూడా ఫైల్లో ఏదో రాసుకున్నాడు.

ఈ రోజు ఏ వారం, ఏ నెల అని అడిగాడు. "నెల తెలియకుండానే బట్టలు చెప్పిన నాటికి అందిస్తున్నామా బాబూ?" అంది కత్తెరక్క. ఆయన నవ్వేసి ముందుకి పోయాడు. కడపట, "ఆ పైచొక్కా ఒకసారి విప్పి మళ్ళీ వేసుకుంటారా?" అన్నాడు. విప్పడానికి చెల్లి చెయ్యి వేసింది. వేసుకోవడం అక్కే వేసుకుంది. నిదానంగా, పైనుంచి కిందికి, ఒక్కో గుండీ దగ్గరా చెయ్యి ఆనించి నొక్కుకుంటూ వచ్చింది. అయిదూ వరసలో నిలబడ్డాయి. నేను కూడా ఆశ్చర్యపోయాను.

ఆయన వెళ్ళాక కాజాలక్క మొహం చూడాలి. "చూశారా, చూశారా అక్క ఎలా మాట్లాడిందో! ఎడం భుజం సంగతి నాకే తోచలేదు!" ఆమె ఎందుకు దరఖాస్తు పెట్టిందో ఆ నిమిషానికి ఆమెకే గుర్తులేదు. ఎన్నాళ్ళకో అక్క ఒక పావుగంట తిరిగొచ్చింది, అంతే ఆమెకి కావలసింది.

పావుగంట మించి రాలేదు. కత్తెరక్క నేల మీద చతికిలబడి, టేపు వేళ్ళకి చుట్టుకుంటూ, "ఇంటికి పోదాం పద" అని ఏడవడం మొదలుపెట్టింది. కింద నేల తడిసింది. "ఇదే ఇల్లక్కా" అంటూ చెల్లి తడిగుడ్డ తెచ్చింది. నేను మెట్లెక్కి పైకి వచ్చేశాను.

ఉత్తరం నెలకి వచ్చింది. చదవమని పైకి పట్టుకొచ్చింది. పదకొండు మార్కులు. సాయం లేదు. కారణాలు వరసగా రాశారు. అతిథిని పలకరించగలరు, వృత్తికి సంబంధించిన కొలతలు గుర్తున్నాయి, చొక్కా గుండీలు స్వయంగా పెట్టుకోవడం పరిశీలకులు కళ్ళారా చూశారు.

"బడిలో మార్కులు రాలేదని ఏడిచేవాళ్ళం. ఇదేం పరీక్ష అన్నయ్యగారూ, తప్పితేనే గానీ పాసవ్వం?" అంది.

"మీ అక్కకి గుండీలు పెట్టుకోవడం వచ్చని నాక్కూడా తెలియదు" అన్నాను.

ఆమె నావంక చూసింది. కిందికి వెళ్ళి అక్క చొక్కా తెచ్చి బల్ల మీద బోర్లా తిప్పింది. గుండీల వరస లోపల, అంచు పొడవునా, నొక్కితే అతుక్కునే వెల్క్రో పట్టీ. పైన కనబడే గుండీలు అయిదూ గుడ్డకి కుట్టేసినవి. వాటి కింద అయిదు కాజాలు ఉన్నాయి, దారంతో అచ్చం కాజాల్లాగే అంచు కట్టినవి. వేటికీ కన్నం లేదు.

"పట్టీ పైకి కనబడితే 'ఇది రోగం గుడ్డ, నాకొద్దు' అని విసిరేస్తుంది. గుండీ లేని చొక్కా మన కొట్లో ఎక్కడుంది అంటుంది. అందుకని ఇలా కుట్టాను. నొక్కితే చాలు. తనే పెట్టుకున్నాననుకుంటుంది. ఏడు చొక్కాలూ ఇంతే."

"కొలతలు?"

తలవంచుకుంది. "భుజం పది అంగుళాలంటే అయిదేళ్ళ పిల్లకి అన్నయ్యగారూ. అవి నావి. అమ్మ పోయాక అక్క నాకు కుట్టిన మొదటి గౌను కొలతలు. ఎవరికి కొలిచినా ఇప్పుడవే చెబుతుంది."

"ఇదంతా ఆయనతో ఒక్క మాట చెబితే..."

"గిరాకీ ముందా?" అంది. యాభై ఏళ్ళు ఒక చేతి కింద పనిచేసిన మనిషి. లోపలి తప్పుని పైకి కనబడనివ్వకపోవడం ఆమెకి వేలికొసల్లో ఉంది. అక్క జబ్బుని కూడా అలాగే పట్టీ వేసి, అంచు మడిచి, ఇస్త్రీ చేసి చూపించింది. అంత బాగా కుట్టింది కాబట్టే ఎవరికీ కనబడలేదు.

మళ్ళీ చూడమని పై అధికారికి అర్జీ రాశాను. ఈసారి గుర్తులు నేను పెట్టాను, ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. చొక్కా సంగతి రాయనా అంటే, "పైవాళ్ళు వస్తారుగా, కళ్ళతో చూసుకుంటారు. అక్క మీద కాగితాలెందుకు?" అంది. నర్సమ్మ కొట్టుకి వచ్చి, ఆ చొక్కా తిప్పి చూసి, పాఠం చెప్పింది. "ఇల్లు సర్దకండి. తల దువ్వకండి. మంచిరోజు చూపించకండమ్మా, చెడ్డరోజు చూపించండి. అన్నిటికంటే ముందు, ఆ దొంగ గుండీలు తీసెయ్యండి. నిజం గుండీలు కుట్టండి, పెట్టుకోలేదని వాళ్ళే చూస్తారు."

కాజాలక్క చొక్కా మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

నర్సమ్మ వెళుతూ వెళుతూ, "కాజాలు కాస్త ఇరుగ్గా కుట్టండి, అనుమానానికి తావుండదు. ఎవరు కొలిచి చూడొచ్చారు?" అంది. సాయం చేద్దామనే అంది పాపం.

"అది మాత్రం కుదరదమ్మా" అంది కాజాలక్క. అంత కరుగ్గా ఆమె మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "అక్క చేతికి రాకపోతే రాకపోనీ. నా కాజా వల్ల రాలేదని మాత్రం ఉండకూడదు."

ఆ ఒక్క చొక్కా అయిదు కాజాలకి రెండు మధ్యాహ్నాలు పట్టింది. మామూలుగా గంట పని. భుజం నొప్పికి చేతికింద దిండు పెట్టుకుని, గుమ్మంలో వెలుతురుకి కూర్చుని, పట్టీ ఊడదీసి, దొంగ కుట్లు కొక్కెంతో ఒక్కొక్కటీ తెంపి, గుడ్డ చీల్చి, అంచు కట్టింది. నేను పుస్తకం పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను, ఒక్క పేజీ తిప్పలేదు. కుట్టిన ప్రతి కాజాలోనూ గుండీ పెట్టి చూసింది. తేనెలో చెంచాలా దిగింది. ఆమె జన్మలో కుట్టిన వేల కాజాలు ఎవరో ఒకరు గుండీ పెట్టుకోవడానికి. ఈ అయిదు మాత్రం పెట్టుకోలేకపోవడం కోసం.

రెండో పరిశీలనకి వచ్చినావిడ పెద్ద వయసుది, మందపాటి కళ్ళజోడు, ఫైలు మూసే కూర్చుంది. దరఖాస్తు రాసిన మనిషిగా నన్ను కూడా ఉండమన్నారు. కత్తెరక్క కిటికీ దగ్గరే ఉంది. తల దువ్వలేదు. టేపు కూడా మెడలో లేదు, చెల్లి దాచేసింది. వచ్చినామెని చూసి లేవబోయి, మెడ తడుముకుని, టేపు దొరక్క, మళ్ళీ కూర్చుంది. అది చూసినప్పుడే నాకు అక్కడ ఉండాలనిపించలేదు.

కొన్ని ప్రశ్నలడిగారు. కొన్నిటికి జవాబు వచ్చింది, చాలావాటికి రాలేదు. ఆ తర్వాత ఆవిడ మెత్తగా, "చొక్కా వేసుకుంటారా అమ్మా?" అంది.

చెల్లి చేతులు తొడిగి వెనక్కి జరిగింది. కత్తెరక్క అలవాటుగా మొదటి గుండీ మీద అరచెయ్యి పెట్టి నొక్కింది. చెయ్యి తీసింది. చొక్కా తెరుచుకుంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ తెరుచుకుంది. అప్పుడు కిందికి చూసింది. గుండీని రెండు వేళ్ళతో పట్టుకుంది. ఆ వేళ్ళకి అదేమిటో తెలుసు, ఏం చేయాలో తెలియదు. కాజా పక్కనుంచి పోనిచ్చింది, జారిపోయింది. జేబులో పెట్టబోయింది. గుండీనీ కాజానీ మార్చి మార్చి చూసింది. నుదుటి మీద చెమట పట్టింది. చెల్లి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టు పట్టుకుని నిలబడింది. వదిలితే ఆ చెయ్యి తనంతట తానే పోయి గుండీ పెట్టేస్తుంది.

కత్తెరక్క తలెత్తింది. మొహంలో భయం కనబడింది. ఏదో పోయింది, అది తనలోనే పోయిందని తెలుస్తున్న మనిషి మొహం. అందరి మొహాలూ చూసి, చివరికి చెల్లి దగ్గర ఆగింది. ఆ భయం మెల్లగా కోపంగా మారింది.

"ఎవరు కుట్టారు ఈ కాజా?"

కాజా అంచుని గోటితో గీకింది.

"నువ్వేనా పిల్లా? ఇరుగ్గా ఉంది. గుండీ ఎక్కడ దూరుతుంది ఇందులో? అందరి ముందూ పరువు తీశావు. విప్పి మళ్ళీ కుట్టు."

ఒక్క మాట చాలు. 'లేదక్కా, కాజా బాగానే ఉంది' అంటే చాలు. దానికోసమేగా రెండు రోజులు కూర్చుంది. ఇరుకు కాజా అని ఒప్పుకుంటే ఈ పరీక్షకి అర్థమే లేదు. కాగితం మీద అదొక సాకయి కూర్చుంటుంది, అక్క వార్డుకి పోతుంది.

కాజాలక్క ఒకడుగు ముందుకి వేసింది. "అవునక్కా" అంది. "నాదే తప్పు. ఇరుగ్గా కుట్టాను. ఇవాళే విప్పేస్తాను."

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు!"

"ఇంక చెయ్యనక్కా."

కత్తెరక్క మొహంలో భయం పోయింది. తప్పు ఎక్కడుందో దొరికింది కదా. కుర్చీలో వెనక్కి వాలింది.

కళ్ళజోడావిడ లేచి వచ్చింది. "నేను పెట్టనా అమ్మా?" అంటూ మోకాళ్ళ మీద కూర్చుని మొదటి గుండీ పట్టుకుంది. తోయలేదు, కాజా దగ్గర ఆనించింది, అంతే. గుండీ తనంతట తాను దిగిపోయింది. బయటికి తీసి మళ్ళీ పెట్టింది. రెండోది, మూడోది. అయిదూ పెట్టి, చివరి కాజా అంచు మీద బొటనవేలు ఒకసారి నడిపించి, కాజాలక్క వంక చూసింది. ఫైలు తెరిచి రాసుకుని వెళ్ళిపోయింది.

ఇరవై ఆరు మార్కులు వచ్చాయి. నెల తిరక్కుండా ఆయా వచ్చింది, నెమ్మదస్తురాలు, బలంగా ఉండే మనిషి. కాజాలక్క భుజం బాగుపడింది. వార్డు మాట మళ్ళీ రాలేదు. అడిగింది దొరికింది.

అయితే ఒకటి జరిగింది. నిన్న ఏం తిన్నదో, తన పేరేమిటో, కిటికీ బయట ఏ వీధి ఉందో తెలియని ఆ మనిషికి, ఆ రోజు సంగతి ఒక్కటి మాత్రం నిలిచిపోయింది. అధికారి గుర్తులేదు, గుండీ గుర్తులేదు. చెల్లి కాజా ఇరుగ్గా కుట్టి నలుగురిలో పరువు తీసిందన్నది ఉండిపోయింది. ఆయా వచ్చిన మొదటిరోజే చెప్పింది, "మా పిల్ల మంచిదే, కాజా మాత్రం దానికి రాదు." పాలవాడికి చెప్పింది. నర్సమ్మకి చెప్పింది. నేను పలకరించడానికి వెళితే చెయ్యి పట్టుకుని గుసగుసగా, "దాన్ని కాజాలు కుట్టనివ్వకండి బాబూ, కొట్టు పేరు పోతుంది" అంది.

చిన్నావిడ ప్రతిసారీ, "అవునక్కా" అనేది. నవ్వుతూనే అనేది మొదట్లో. పట్టీలున్న మిగతా ఆరు చొక్కాలకి తోడు, కన్నంలేని కాజాలతో పట్టీ చొక్కా కొత్తది ఒకటి కుట్టింది. పెద్దావిడ వాటిమీద చెయ్యి పెట్టలేదు. ఆయా తొడుగుతుంటే పక్కకి చూసేది.

ఆ తర్వాత పద్నాలుగు నెలలు బతికింది కత్తెరక్క. తన మంచం మీదే, తన చొక్కాలోనే పోయింది. వెనక నాడాల గౌను ఒక్కరోజు తొడగలేదు. పోయే వారం ముందు మాటలు దాదాపు ఆగిపోయాయి. ఉన్న ఒకటి రెండింట్లో 'ఇరుకు' అన్న మాట ఉండేదని ఆయా చెప్పింది.

కర్మలన్నీ అయ్యాక ఒక నెలకి నా కోటు పట్టుకుని కిందికి దిగాను. ఒక కాజా అంచు పోగులు విడిపోయాయి. కాజాలక్క దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురులో పెట్టి చూసి, తిరిగి నా చేతికిచ్చేసింది.

"ఎదురు కొట్లో మిషను మీద వేస్తున్నారు అన్నయ్యగారూ. అక్కడ ఇవ్వండి. నేను కాజాలు మానేశాను."

"చూపు ఆనడం లేదా?"

"ఆనుతోంది."

"అయితే?"

బల్ల సొరుగులోంచి పరీక్షనాటి ఆ చొక్కా తీసింది. అన్నిటికీ పట్టీలు ఉన్నా, ఆ ఒక్కదాన్నీ విప్పకుండా దాచుకుంది. బల్ల మీద పరిచి, మొదటి గుండీని కాజా దగ్గర ఆనించింది. అది జారి అవతలికి పోయింది.

"బాగానే ఉంది కదా" అన్నాను.

"నాకూ బాగానే అనిపిస్తోంది" అంది. "కానీ అక్క అన్నీ మరిచిపోయి ఇదొక్కటీ మరిచిపోలేదంటే, ఎక్కడో తప్పు ఉండే ఉంటుంది అన్నయ్యగారూ. అక్క వేలు ఎప్పుడూ పొరబడలేదు."

గుండీ తీసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది. నేను కోటు చంకలో పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మెట్లెక్కి పైకి వచ్చాక కూడా, కింద బల్ల మీద గుండీ తగులుతున్న చిన్న చప్పుడు వినబడుతూనే ఉంది.